వెలుగు కణానికి చిరునామా ఉందా? సూరి భగవంతం జీవితం



ఫిబ్రవరి వచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు క్యాంపస్‌లలోనూ సైన్స్ డే హడావిడి మొదలవుతుంది. ఫిబ్రవరి 28 ఎందుకు అని మీ పిల్లల్ని అడిగి చూడండి. సర్ సి.వి.రామన్ పేరు ఠక్కున చెప్తారు. రామన్ పక్కన నిలబడి పనిచేసిన తెలుగు శాస్త్రవేత్త ఎవరు అని అడిగితే మాత్రం క్లాసు నిశ్శబ్దం. స్టాఫ్ రూమ్ కూడా అంతే లెండి. మీ ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే వాళ్ళని అడగండి. భగవంతం గారి పేరు వాళ్ళ తరానికి బాగా తెలుసు.

సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా విజయవాడ వెళ్ళే హైవే మీకు కొత్త కాదు. విజయవాడ దగ్గరికి వెళ్ళాక నూజివీడు వైపు తిరిగితే ఆగిరిపల్లి వస్తుంది. శోభనాచలం కొండ మీద గుడి ఉన్న ఊరు. అప్పట్లో అది కృష్ణా జిల్లా. 1909 అక్టోబర్ 14న సూరి భగవంతం అక్కడ పుట్టారు. డిగ్రీ మాత్రం మన వైపే చదివారు, హైదరాబాద్ నిజాం కాలేజీలో. నిజాం రాజ్యంలో ఉన్నా ఆ కాలేజీ అప్పుడు మద్రాస్ యూనివర్సిటీకి అనుబంధం. కాబట్టి ఫిజిక్స్ డిగ్రీ మద్రాస్ పేరు మీద వచ్చింది.

1928లో ఆయనకి ఇంకా 19 ఏళ్ళు నిండలేదు, లేదా అప్పుడప్పుడే నిండుతున్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ తన ప్రసిద్ధమైన ఫలితాన్ని కనుక్కున్నారు. అదే ఏడాది భగవంతం కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరారు. ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. డిగ్రీ చేతిలో ఉన్న కుర్రాడు, భాష తెలియని ఊరు, పరిశోధన అనే పని. అది ఉద్యోగమో కాదో ఇంట్లోవాళ్ళకి వివరించడం ఈ రోజుకీ కష్టమే. రామన్‌కి అప్పటికి నోబెల్ రాలేదు, అది 1930లో వచ్చింది. అంటే గెలిచిన గుర్రం వెనక పరిగెత్తడం కాదు, ఆట మధ్యలో ఉండగానే వెళ్ళి చేరడం.

కలకత్తాలో ఆయన వజ్రం మీద పనిచేశారు. వజ్రం మీద ఒకే రంగు కాంతి వేస్తే బయటికొచ్చే కాంతిలో కొంత భాగం రంగు మారుతుంది. ఆ మార్పుని చూసి లోపల కార్బన్ పరమాణువులు ఎలా అమరి ఉన్నాయో, ఎలా ఊగుతున్నాయో చెప్పొచ్చు. ఆ తర్వాత గురుశిష్యులిద్దరూ ఇంకా మౌలికమైన ప్రశ్నకి వచ్చారు. 1931లో వాళ్ళు అచ్చువేసిన వ్యాసం ఫోటాన్ స్పిన్ గురించి. ఈ నెల నేను మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. కాస్త ఓపిగ్గా చదవండి, ఫార్ములాలు ఉండవు.

కాంతి చిన్న చిన్న మూటలుగా వస్తుందని, ఒక్కో మూట పేరు ఫోటాన్ అని మీ పిల్లల పుస్తకాల్లోనే ఉంటుంది. ఆ మూటకి శక్తి ఉంది, తోసే గుణం ఉంది. మరి తిప్పే గుణం ఉందా? బొంగరంలాంటి తిప్పుడు అనుకోండి (సరిగ్గా బొంగరం కాదు, కానీ ప్రస్తుతానికి చాలు). దాన్నే స్పిన్ అంటారు. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ తన లెక్కలో ఫోటాన్ స్థితులని లెక్కపెడుతూ చివర్లో రెండుతో గుణించాల్సి వచ్చింది. ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చింది? ఫోటాన్‌కి స్పిన్ ఉండి, అది రెండే రకాలుగా, కుడివైపుకో ఎడమవైపుకో ఉంటే ఆ రెండు సరిగ్గా సరిపోతుంది. రామన్, భగవంతం ఈ ఊహని ప్రయోగశాలకి తెచ్చారు.

వాళ్ళ ఆలోచన మన షాపు లెక్కలాంటిదే. ఫోటాన్ వచ్చి ఒక అణువుని తాకి చెదిరిపోతుంది. మన టెన్త్ పుస్తకంలో దీన్నే పరిక్షేపణం అంటారు. ఫోటాన్ దగ్గర తిప్పుడు ఉంటే, చెదిరినప్పుడు అది తారుమారు కావచ్చు. అలా అయితే ఆ తేడా ఎక్కడో జమ పడాలి, అణువు తిరగడంలో పడాలి. జమాఖర్చు సరిపోవాలి కదా. కాబట్టి రంగు మారని కాంతికీ, అణువుల తిరుగుడు వల్ల కొంచెం రంగు మారిన కాంతికీ ధ్రువణం వేరువేరుగా కొలిస్తే, ఫోటాన్‌కి స్పిన్ ఉందో లేదో తెలుస్తుందని వాళ్ళు వాదించారు. కొలిచారు. ఒక యూనిట్ స్పిన్, రెండే దిశలు అనే లెక్కతో తమ కొలతలు కలుస్తున్నాయని ప్రకటించారు. భగవంతానికి అప్పటికి 22 ఏళ్ళు నిండాయో లేదో. మీ పెద్దబ్బాయో పెద్దమ్మాయో బీటెక్ అయిపోయి క్యాంపస్ సెలక్షన్‌కి ఎదురుచూసే వయసు.

ఒక టీచర్‌గా ఇక్కడ ఒక మాట కలపాలి. ఆ ఒక్క ప్రయోగంతోనే ప్రపంచమంతా ఒప్పేసుకుందని చెప్తే అది సైన్స్ డే ఉపన్యాసం అవుతుంది తప్ప చరిత్ర అవదు. 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్ సన్నని క్వార్ట్జ్ దారానికి చిన్న పలక వేలాడదీసి, దాని గుండా వృత్తాకార ధ్రువణం ఉన్న కాంతిని పంపి, ఆ పలక మెలితిరగడం కొలిచాడు. కాంతికి తిప్పే గుణం ఉందని కంటికి కనిపించేలా చూపించింది అది. కానీ ప్రశ్నని నేరుగా ఒక్కో ఫోటాన్ లెక్కగా పట్టుకుని ప్రయోగానికి పెట్టింది మాత్రం అంతకు 5 ఏళ్ళ ముందు, కలకత్తా బౌబజార్‌లోని ల్యాబ్‌లో.

మీరు ఆ రెండు రకాల ఫోటాన్లని చూసే ఉంటారు. 3డి సినిమాకి వెళ్ళినప్పుడు ఇచ్చే కళ్ళజోడు గుర్తుందా? చాలా థియేటర్లలో వాడే పద్ధతిలో ఒక కంటి అద్దం కుడివైపు తిరిగే కాంతిని, ఇంకో కంటి అద్దం ఎడమవైపు తిరిగే కాంతిని లోపలికి వదులుతుంది. అందుకే తల కాస్త వంచినా బొమ్మ చెడిపోదు. రెండు కళ్ళు, రెండు స్పిన్‌లు. మూడో కన్ను ఉన్నా లాభం లేదు, మూడో రకం ఫోటాన్ లేదు కాబట్టి.

ఆ మూడోది లేకపోవడం చిన్న సంగతిలా అనిపిస్తుంది. కాదని తర్వాత తేలింది. అక్కడికి వస్తాను.

1932లో భగవంతం వాల్తేరుకి, ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకి వచ్చారు. అప్పుడు వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. సైన్స్ విభాగాలు అప్పుడే కళ్ళు తెరుస్తున్నాయి. కొత్త డిపార్ట్‌మెంట్ అంటే ఏమిటో కొత్త బ్రాంచ్ తెరిచినప్పుడు మా స్టాఫ్‌ని చూసిన మీకు తెలుసు. పరికరాలు ఉండవు, ఉన్నవి పనిచేయవు, పాఠం ఆగకూడదు. 1948 దాకా ఆయన అక్కడే ఉన్నారు. లెక్చరర్‌గా మొదలై 30 ఏళ్ళు రాకముందే ప్రొఫెసర్ అయ్యారు, తర్వాత కాలేజీ ప్రిన్సిపల్ కూడా అయ్యారు. 1940లో కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితాల మీద ఇంగ్లీష్‌లో పుస్తకం రాస్తే ఆంధ్ర యూనివర్సిటీయే అచ్చువేసింది.

వాల్తేరులో ఆయన పట్టుకున్న ఆయుధం గ్రూప్ థియరీ. పేరు చూసి భయపడకండి. మొన్న సంక్రాంతికి మీ వాకిట్లో వేసిన చుక్కల ముగ్గు తలుచుకోండి. నలుచదరంగా ఉన్న మంచి ముగ్గుని పావు వంతు తిప్పితే ఏమీ మారనట్టే ఉంటుంది. సగం తిప్పినా అంతే. అద్దంలో చూసినా అంతే. ఇలా ముగ్గుని మార్చకుండా చేయగల పనులు లెక్కపెడితే 8 వస్తాయి: తిప్పడాలు 4, అద్దం పెట్టడాలు 4. ఈ 8 పనులు ఒకదాని తర్వాత ఒకటి చేస్తే ఏమొస్తుందో చెప్పే లెక్కే గ్రూప్ థియరీ. స్ఫటికాలు కూడా ముగ్గులే, కాకపోతే మూడు దిక్కులా పరుచుకున్న ముగ్గులు. స్ఫటికం ముగ్గు తెలిస్తే చాలు, దాని మీద కాంతి వేస్తే రామన్ గీతలు ఎన్ని రావచ్చో ప్రయోగం చేయకముందే కాగితం మీద లెక్కపెట్టొచ్చు. ఈ పద్ధతిని భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి 1939లో ప్రచురించారు. 1948లో అదే విషయం మీద ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం కూడా వాల్తేరు నుంచే వచ్చింది.

ఈ పద్ధతి ఎంత పదునైనదో చూపించే కథ ఒకటుంది, నాకు ఆయన జీవితం మొత్తంలో ఇష్టమైనది ఇదే. పారదర్శకంగా ఉండే స్ఫటికాన్ని నొక్కితే దాని గుండా వెళ్ళే కాంతి మారుతుంది. ఆ మార్పుని వర్ణించడానికి ఏ స్ఫటికానికి ఎన్ని సంఖ్యలు కావాలో జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ 1889 నాటికే లెక్కలు వేసి పెట్టాడు. ఆయన పట్టికని అర్ధ శతాబ్దం పాటు అందరూ అలాగే వాడుకున్నారు. 1942లో భగవంతం గ్రూప్ థియరీతో మళ్ళీ లెక్కపెట్టారు. కొన్ని తరగతుల స్ఫటికాలకి పట్టిక తప్పు అని తేలింది. ఘనాకార స్ఫటికాల్లో కొన్నిటికి పోకెల్స్ 3 సంఖ్యలు చాలన్నాడు, 4 కావాలి. కాగితం మీద చెప్పి ఊరుకోలేదు. తర్వాత బేరియం నైట్రేట్ స్ఫటికం తీసుకుని ఆ నాలుగో సంఖ్యని వాల్తేరు ల్యాబ్‌లో కొలిచి చూపించారు. ఆన్సర్ కీ తప్పు అని నిరూపించిన తెలుగు మాస్టారు అన్నమాట. కీ రివైజ్ చేయమని ఏటా ఎంట్రన్స్ పరీక్షల తర్వాత మన పిల్లలు పెట్టే అభ్యంతరాలు గుర్తొచ్చి నవ్వొస్తుంది నాకు.

ఇప్పుడు ఆ మూడో రకం ఫోటాన్ దగ్గరికి వెళ్దాం. వాల్తేరులో స్ఫటికాల ముగ్గులు లెక్కపెడుతున్న ఆ 1939లోనే, అమెరికాలో యూజీన్ విగ్నర్ అదే గ్రూప్ థియరీని ఇంకా పెద్ద ముగ్గు మీద పెట్టాడు. ఆ ముగ్గు స్థలమూ కాలమూ కలిసిన ఈ విశ్వమే. ఇక్కడ చేసిన ప్రయోగాన్ని కోదాడలో చేసినా, రేపు చేసినా, బల్ల తిప్పి చేసినా, నిలకడగా వెళ్తున్న రైల్లో చేసినా సూత్రాలు మారవు. ఈ ఒక్క సంగతి నుంచి ప్రకృతిలో ఎన్ని రకాల కణాలు ఉండొచ్చో విగ్నర్ జాబితా తీశాడు. ద్రవ్యరాశి ఉన్న కణాలు ఒక వర్గం. వాటికి ఒక యూనిట్ స్పిన్ ఉంటే మూడు స్థితులు ఉండాలి: ఒకటి, సున్నా, మైనస్ ఒకటి. ద్రవ్యరాశి లేని కణాలకి ఆ మధ్యలోని సున్నా ఉండదు, కొసలు రెండే మిగులుతాయి. ఫోటాన్‌కి రెండే అని కలకత్తాలో పట్టుకున్న లెక్క ఇక్కడ సూత్రంగా వచ్చి కూర్చుంది.

ఆ మధ్య టెన్త్ క్లాసులో ఒక అమ్మాయి లేచి, బల్బుకీ మన కంటికీ మధ్య దారిలో ఫోటాన్ ఏ క్షణంలో ఎక్కడుంటుంది అని అడిగింది. సిలబస్‌లో లేని ప్రశ్న, నాలుగు మార్కులకి కూడా రాదు. కానీ సరిగ్గా ఇదే ప్రశ్నని 1949లో న్యూటన్ (యాపిల్ చెట్టు న్యూటన్ కాదు, టి.డి.న్యూటన్), విగ్నర్ కలిసి వేసుకున్నారు. జాబితాలోని ఏ కణానికి కచ్చితమైన చోటు చెప్పగలం? ఎలక్ట్రాన్‌కి చెప్పగలం. ద్రవ్యరాశి లేని, ఒక యూనిట్ స్పిన్ ఉన్న ఫోటాన్‌కి చెప్పలేం. ఇదిగో ఈ బిందువు దగ్గర ఉంది అనే స్థితిని కట్టాలంటే ఆ లేని సున్నా కావాలి. అది లేదు కాబట్టి బిందువుకి పిన్ కొట్టినట్టు ఫోటాన్‌కి చోటు కట్టలేం. కెమెరాలోనో కంట్లోనో అది పట్టుబడిన చోటు ఉంటుంది, మధ్య దారిలో దానికి డోర్ నంబర్ ఉండదు. ఆ అమ్మాయికి ఇంత చెప్పే టైమ్ పీరియడ్‌లో లేకపోయింది. ఈ పేజీ ఆ ఇంటికి కూడా వెళ్తుందిగా.

విగ్నర్ జాబితాలో ఇంకో వింత వర్గం కూడా ఉంది. ద్రవ్యరాశి ఉండదు, స్పిన్ స్థితులు మాత్రం రెండు కాదు, లెక్కలేనన్ని, పైకీ కిందికీ అంతులేని నిచ్చెన మెట్లలాగా. అలాంటి కణం ఇంతవరకు ప్రకృతిలో కనబడలేదు. దాన్ని బిందువుల్లో ఉండే క్షేత్రాలతో వర్ణించడం కుదరదని 1970లో ఐస్‌లాండ్‌కి చెందిన యాకోబ్ ఇంగ్వాసన్ చూపించాడు. తర్వాత 2000ల్లో ఆయనా, మరికొందరూ కలిసి దానికీ ఒక రకం చోటు ఉందని కనుక్కున్నారు: బిందువు దగ్గర మొదలై అనంతం దాకా సాగే తీగ. ఎక్కడుంటారండీ అని అడిగితే ఊరి పేరు చెప్పకుండా, సూర్యాపేటలో మొదలై కోదాడ దాటి ఎక్కడా ఆగని రోడ్డు పేరు చెప్పినట్టు. దాని మీద పరిశోధన ఇంకా నడుస్తోంది. భగవంతం ఆ తీగల దాకా వెళ్ళలేదు. ఆయనది స్ఫటికాల దారి. కానీ ఒక వస్తువు ఎక్కడుంది అని అడిగే ముందు అది ఏ రకం, దానికి ఎన్ని స్థితులు అని లెక్కపెట్టాలి అనే పద్ధతి ఇద్దరిదీ ఒకటే.

1948 తర్వాత ఆయన జీవితం ల్యాబ్ నుంచి మెల్లగా ఆఫీసు గదిలోకి మారింది. ముందు లండన్‌లో భారత హై కమిషన్‌లో సైన్స్ వ్యవహారాలు చూశారు. తర్వాత ఉస్మానియాకి వచ్చి ప్రొఫెసర్‌గా చేసి, 1952 నుంచి 1957 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 ఆ మధ్యలోనే వచ్చింది. ఉర్దూలో పాఠాలు చెప్పిన యూనివర్సిటీ ఇంగ్లీష్‌లోకి మారుతున్న రోజులు. అటు బెజవాడ వైపు మనిషి, ఇటు హైదరాబాద్‌లో చదివిన మనిషి, ఆ కుర్చీలో కూర్చోవడం తేలికై ఉండదని నా ఊహ. నల్గొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ రాకముందు మన వైపు డిగ్రీ చదివినవాళ్ళ సర్టిఫికెట్ల మీద ఉస్మానియా పేరే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళ పాత ఫైలు తీసి చూడండి.

1957లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు. 1933లో ఆ సంస్థకి మొదటి భారతీయ డైరెక్టర్‌గా కూర్చుంది రామన్. గురువు గారి కుర్చీలో శిష్యుడు. 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. ఆ 8 ఏళ్ళలోనే చైనాతో ఒక యుద్ధం, పాకిస్తాన్‌తో ఒక యుద్ధం వచ్చాయి. దేశం ఆయుధాలకి బయటివాళ్ళ మీద ఎంత ఆధారపడి ఉందో తెలిసొచ్చిన కాలం. దేశానికి ఆ పని ఎవరో ఒకరు చేయాలి, ఒప్పుకుంటాను. అయినా పోకెల్స్ పట్టికని దిద్దిన చేయి అన్ని ఫైళ్ళ మీద సంతకాలు పెట్టడం నాకు కొంచెం బాధే. మీరు వేరేలా అనుకోవచ్చు. మా ప్రిన్సిపల్ సార్ అనుకుంటారు కూడా, ఆయన కూడా ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పినవారే.

ఆ పదవిలో ఉండగానే, 1966లో, స్ఫటికాల సౌష్ఠవం మీద ఇంకో పుస్తకం తెచ్చారు. ఈసారి లండన్‌లోని అకడమిక్ ప్రెస్ వేసింది. మీటింగుల మధ్య ఎప్పుడు రాశారో! వాల్తేరులో మొదలుపెట్టిన లెక్కలే అందులో పెద్దవై కనిపిస్తాయి. 1989 ఫిబ్రవరి 6న భగవంతం గారు కన్నుమూశారు.

ఈ ఆదివారం ఇంట్లో ఒక పని చేయండి. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ ఉంటే ఒక అద్దం గుండా కాలిక్యులేటర్ తెరని చూస్తూ అద్దాన్ని మెల్లగా పావు చుట్టు తిప్పండి. ఒక దగ్గర అంకెలు కనబడకుండా తెర మొత్తం నల్లగా అయిపోతుంది, ఇంకొంచెం తిప్పితే మళ్ళీ వస్తుంది. ఎందుకు అలా అయిందో మీరు చెప్పకండి, పిల్లల్నే ఆలోచించనివ్వండి. పాత 3డి కళ్ళజోళ్ళు ఇంట్లో పడి ఉంటే పిల్లల చేత 27వ తేదీ లోపు పంపించండి. 28న మూడు క్యాంపస్‌లలోనూ ఫోటాన్ స్పిన్ మీద ఒక స్టాల్ పెడుతున్నాం. బల్బు మేమే తెచ్చుకుంటాం.